కంప్యూటరుకు వేడి చేస్తే

కారు పందెం ఆట మంచి పట్టుమీద ఉంది. చివరి మలుపు తిరిగితే గెలుపు మీదే. అంతలో తెర నల్లబడింది. కరెంటు పోయిందా అంటే నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. మీట నొక్కితే కంప్యూటరు మళ్లీ మామూలుగా మొదలయింది. ఆట తెరిచిన ఐదు నిమిషాలకు మళ్లీ అదే వరస!

ఇలాంటప్పుడు ఇంట్లో తలా ఒక మాట అంటారు. "వైరస్ పట్టింది" అంటాడు అన్నయ్య. "ఆ దిక్కుమాలిన ఆటలే దాన్ని పాడుచేశాయి" అంటారు నాన్నగారు. దుకాణానికి తీసుకువెళితే "బోర్డు పోయింది, మార్చాలి" అని చెప్పవచ్చు. వీటిలో ఏ మాటైనా నిజం కావచ్చు. కాని ఏది నిజమో తేల్చుకోవడానికి ముందుగా డబ్బు ఖర్చుపెట్టనక్కరలేదు. ఒక నోటుపుస్తకం, ఒక గడియారం, మీరు బడిలో చదువుకున్న ఉష్ణం పాఠం, ఓమ్ నియమం చాలు. అదెలాగో చూద్దాం.

కరెంటు ఎక్కడికి పోతుంది?

మిక్సీ పచ్చడి రుబ్బుతుంది. మోటారు నీళ్లను పై ట్యాంకుకు ఎక్కిస్తుంది. మరి కంప్యూటరు తాను తీసుకున్న విద్యుచ్ఛక్తిని ఏం చేస్తుంది? "లెక్కలు చేస్తుంది" అంటారు మీరు. నిజమే. కాని లెక్క శక్తి రూపం కాదు గదా! శక్తి నిత్యత్వ నియమం ప్రకారం లోపలికి పోయిన శక్తి ఏదో ఒక రూపంలో బయటికి రావాలి. కంప్యూటరు పెట్టెలోకి వెళ్లిన శక్తి దాదాపు అంతా వేడిగానే బయటికి వస్తుంది. అంటే 400 వాట్లు తీసుకుంటున్న కంప్యూటరు, వేడి మాటకొస్తే, 400 వాట్ల హీటరుతో సమానం.

ఉత్తరం టైపు చేసేటప్పుడు ఇంత శక్తి అక్కరలేదు. ఆటలో అలా కాదు. సాధారణమైన తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణించండి: సుమారు 20 లక్షల 73 వేల చుక్కలు. బొమ్మ సాఫీగా కదలాలంటే సెకనుకు 60 సార్లయినా కొత్త బొమ్మ గీయాలి. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కల రంగు నిర్ణయించాలి. ఈ పని చేసే భాగాన్ని గ్రాఫిక్స్ కార్డు అంటారు. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 అనే కార్డులోని చిప్పులో 7,600 కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లున్నాయి. ఆ కార్డు పూర్తి బలంతో పనిచేసేటప్పుడు 450 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆ వేడినంతా ఒక లీటరు నీటికి ఇవ్వగలిగితే, 30 డిగ్రీల నీళ్లు దాదాపు 11 నిమిషాల్లో మరుగుతాయి. నీటి విశిష్టోష్ణం మీకు తెలుసు కాబట్టి ఈ లెక్క మీరే సరిచూడండి.

ట్రాన్సిస్టరు అనేది ఒక చిన్న స్విచ్చి. అది తెరుచుకున్నప్పుడూ మూసుకున్నప్పుడూ కొద్దిపాటి విద్యుదావేశం అటూ ఇటూ కదులుతుంది. కదిలిన ప్రతిసారీ రవ్వంత వేడి పుడుతుంది. ఒక్కసారికి పుట్టేది లెక్కలోకి రానంత తక్కువ. కాని ప్రాసెసరు గడియారం సెకనుకు 300 నుంచి 500 కోట్ల సార్లు కొట్టుకుంటుంది! అలా పుట్టే వేడి గడియారపు వేగానికి అనులోమంగా, వోల్టేజి వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఈ రెండో మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికివస్తుంది.

ఇంకొక చిక్కు ఉంది. వేడి ఎంత అన్నదానితోపాటు, అది ఎంత చోటునుంచి వస్తోందన్నది కూడా ముఖ్యం. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కో చదరపు సెంటీమీటరునుంచి 5 వాట్ల వేడి వస్తుందన్నమాట. ప్రాసెసరులోని సిలికాన్ ముక్క 2 చదరపు సెంటీమీటర్లుండి 100 వాట్లు ఇస్తోందనుకోండి. అక్కడ ఒక్కో చదరపు సెంటీమీటరునుంచి 50 వాట్లు! ఇస్త్రీపెట్టెకు పదిరెట్లు. మనం ఇస్త్రీపెట్టెను వేడెక్కాలని కోరుకుంటాం. ప్రాసెసరు మాత్రం చల్లగా ఉండాలంటాం.

వేడెక్కితే ఆగడమెందుకు?

సిలికాన్ చిప్పులో ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ రెండు పనులు జరుగుతాయి. ఎలక్ట్రాన్ల కదలిక మందగించి స్విచ్చీలు నెమ్మదిస్తాయి. గడియారం తర్వాతి దెబ్బ కొట్టేలోగా జవాబు అందకపోతే లెక్క తప్పుతుంది. ఒక్క అంకె తప్పినా ఆట చెడిపోవచ్చు, యంత్రమే బిగుసుకుపోవచ్చు. రెండోది, మూసిన స్విచ్చీలగుండా కారిపోయే కరెంటు పెరుగుతుంది. దానివల్ల మరింత వేడి, ఆ వేడివల్ల మరింత కారుడు!

అందుకే ఇప్పటి ప్రాసెసర్లలో ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు చిప్పులోనే ఉంటుంది. నిర్ణీతమైన హద్దు రాగానే (చాలావాటికి ఇది 95, 100 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది) ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆట నత్తనడక నడుస్తుంది. అయినా వేడి తగ్గక ఇంకా పైకి పోతే, కాలిపోకుండా యంత్రమే కరెంటు తెంచేసుకుంటుంది. మీకు కోపం తెప్పించిన ఆ నల్లని తెర నిజానికి కంప్యూటరు ప్రాణం కాపాడిందన్నమాట.

ఈ ఏర్పాటు విలువ ఏమిటో 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే కంప్యూటరు పత్రికవారు కళ్లకు కట్టినట్లు చూపించారు. ఆట నడుస్తుండగా ప్రాసెసరుమీదున్న చల్లబరచే లోహపుదిమ్మెను తీసేశారు. పెంటియం 4 వేగం తగ్గించుకుని కుంటుకుంటూ పని సాగించింది. పెంటియం 3 ఆగిపోయింది గాని బతికింది. అలాంటి రక్షణ పనిచేయని ఆనాటి ఆథ్లాన్ ప్రాసెసరు పొగలు కక్కి చచ్చిపోయింది.

వేడి నడిచే దారి

చిప్పులో పుట్టిన వేడి గదిలోని గాలిలో కలిసేదాకా ఒక దారిలో ప్రయాణం చేస్తుంది. చిప్పుమీద లోహపు మూత, దానిమీద బూడిద రంగు లేపనం, లేపనంమీద రాగి లేక అల్యూమినియం దిమ్మె, దిమ్మెకు పలుచని రేకులు, రేకులమధ్య ఫ్యాను తోలే గాలి. ఇంతే దారి.

లేపనమెందుకు? లోహం ఎంత నునుపుగా ఉన్నా సూక్ష్మదర్శినితో చూస్తే గుట్టలూ గుంటలూ కనిపిస్తాయి. రెండు లోహాలను అదిమిపెట్టినా గుంటల్లో గాలి ఉండిపోతుంది. రాగి ఉష్ణవాహకత్వం సుమారు 400 ఉంటే గాలిది 0.026 మాత్రమే. అంటే రాగికన్న గాలి పదిహేను వేల రెట్లు అధమం! లేపనం గాలిని తరిమి ఆ గుంటల్లో కూర్చుంటుంది. మీ ఇంట్లో కాగిన పాలగిన్నెను చల్లార్చడానికి నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టడం చూశారు కదా! నీరు గిన్నె అడుగునంతటినీ తాకుతుంది. లేపనం చేసే పని కొంత అలాంటిదే. అయితే లేపనానికీ రాగికీ పోలికే లేదు. గాలికన్న మేలు, రాగికన్న ఎంతో తక్కువ. కాబట్టి గుంటలు పూడేంత పలుచగా ఉండాలి. వెన్నలా దట్టిస్తే అదే అడ్డవుతుంది.

రేకులెందుకు? వేడి టీని సాసరులో పోసుకుంటే త్వరగా ఆరుతుంది. గాలి తాకే వైశాల్యం పెరగడమే కారణం. రేకులూ అంతే.

చాలా యంత్రాల్లో దిమ్మెనుంచి రేకులకు రాగిగొట్టాలు కూడా పోతుంటాయి. వాటిలో గాలి తీసేసి, కొద్దిగా నీరు ఉంచి మూసేస్తారు. పీడనం తక్కువ కాబట్టి నీరు 100 డిగ్రీలకు చాలా ముందే ఆవిరవుతుంది. ఆవిరి చల్లని కొసకు చేరి గుప్తోష్ణాన్ని వదిలి మళ్లీ నీరై, దీపపు వత్తిలాంటి లోపలి పొరగుండా వెనక్కు పాకుతుంది. దీనిని ఉష్ణనాళం అంటారు. 1963లో అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ దీనిని తయారుచేశాడు.

ఇప్పుడు ఓమ్ నియమాన్ని తలచుకోండి. తీగలో కరెంటు ప్రవహించాలంటే పొటెన్షియల్ భేదం కావాలి. అలాగే వేడి ప్రవహించాలంటే ఉష్ణోగ్రతా భేదం కావాలి. దారిలోని ఒక్కొక్క భాగం శ్రేణిలో కలిపిన నిరోధంలాంటిది. 100 వాట్ల ప్రాసెసరు తీసుకుందాం. లేపనం నిరోధం వాటుకు 0.1 డిగ్రీ, రేకుల దిమ్మె నిరోధం వాటుకు 0.4 డిగ్రీ అనుకుంటే, మొత్తం 0.5. కాబట్టి చిప్పు తన చుట్టూ ఉన్న గాలికన్న 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. గాలి 30 డిగ్రీలైతే చిప్పు 80. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గదిలోని గాలి 40 డిగ్రీలైతే అదే చిప్పు 90! యంత్రంలో ఏ లోపమూ లేకుండానే హద్దు దగ్గరికి వచ్చేసింది. ఫ్యాను గాలిని కదుపుతుందే గాని, గదికన్న చల్లగా చేయలేదు.

ఇక లోపాలు చూడండి. లేపనం ఎండిపోయి దాని నిరోధం 0.3 అయిందనుకోండి. మొత్తం 0.7. లేపనం బాగానే ఉండి రేకుల్లో దుమ్ము పట్టి వాటి నిరోధం 0.6 అయితే? అప్పుడూ మొత్తం 0.7. రెండు సందర్భాల్లోనూ 30 డిగ్రీల గదిలో చిప్పు 100 డిగ్రీలకు చేరుతుంది. జబ్బులు రెండు, జ్వరం ఒక్కటే! మరి ఏది ఏదో తెలియడమెలా?

గీత చెప్పే సాక్ష్యం

ఇక్కడే మీ నోటుపుస్తకం అక్కరకొస్తుంది. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతలను చూపించే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. హెచ్‌డబ్ల్యూ మానిటర్, హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అలాంటివి. వాటిని వాటి అసలు తయారీదారునుంచే తీసుకోండి. మీరు ఆట ఆడుతుంటే మీ స్నేహితుణ్ణి అర నిమిషానికొకసారి ఉష్ణోగ్రత రాయమనండి. గది ఉష్ణోగ్రత కూడా రాయండి. తర్వాత గ్రాఫు కాగితంమీద అడ్డంగా కాలం, నిలువుగా ఉష్ణోగ్రత గుర్తించి గీత గీయండి. మూడు రకాల గీతలు రావచ్చు.

మొదటిరకం: ఆట మొదలైన కొద్ది సెకన్లలోనే గీత నిట్టనిలువుగా హద్దుదాకా లేస్తుంది. సిలికాన్ ముక్క చాలా చిన్నది, దాని ఉష్ణధారణ స్వల్పం. దానినుంచి దిమ్మెలోకి వేడి సరిగా దిగకపోతే క్షణాల్లో కాగిపోతుంది. అటు దిమ్మె మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది. లేపనం ఎండిపోయిందనో, దిమ్మె బిగింపు వదులయిందనో అనుమానించాలి.

రెండోరకం: గీత నింపాదిగా పది, పదిహేను, ఇరవై నిమిషాలు ఎక్కుతూ పోయి హద్దు తాకుతుంది. దిమ్మె బరువైనది. అది వేడెక్కడానికి కాలం పడుతుంది. అంటే వేడి చిప్పునుంచి దిమ్మెలోకి బాగానే వస్తోంది, దిమ్మెనుంచి గాలిలోకి పోవడం లేదు. దుమ్ము, ఆగిన ఫ్యాను, గోడకు ఆనించిన పెట్టె – వీటిని చూడాలి. ఇలాంటి కంప్యూటరును ఆగిన వెంటనే మళ్లీ ఆడిస్తే ఈసారి ఇంకా త్వరగా ఆగుతుంది. దిమ్మె ఇంకా చల్లారలేదు గదా!

మూడోరకం: గీత కొంతసేపు ఎక్కి 70 డిగ్రీల దగ్గర చదునవుతుంది. పుట్టే వేడీ పోయే వేడీ సమానమయ్యాయన్నమాట. అయినా కంప్యూటరు ఆగిపోతుంది. అప్పుడు కొలిచిన ఆ భాగాలమీద నేరం మోపకండి. విద్యుత్తునిచ్చే పవర్ సప్లయి బలహీనమైందేమో, మెమరీలో లోపముందేమో, డ్రైవరు ప్రోగ్రాము పాతదేమో వెతకాలి.

మా పదో తరగతి విద్యార్థి ఒకడు ఇలాంటి గీతే గీసి తెచ్చాడు. వాళ్లది పరుపులు కుట్టే ఇల్లు. అక్క చదువుకోసం కొన్న కంప్యూటరులో ఇతను ఆటలాడేవాడు. అది ఇరవై నిమిషాలకు ఆగేది, వెంటనే పెడితే నాలుగు నిమిషాలకే ఆగేది. తెల్లవారుజామున మాత్రం నలభై నిమిషాలు నడిచేది. ఒక దుకాణంవారు బోర్డు మార్చాలన్నారు. ఆ డబ్బు ఆ ఇంటికి తేలికైనది కాదు. ఆటలవల్లే ఇదంతా వచ్చిందని నిందపడ్డ కుర్రవాడు అన్నం కూడా సరిగా తినడం లేదని వాళ్ల అమ్మగారు చెప్పారు. అతను గీసింది అచ్చమైన రెండోరకం గీత. పెట్టె తెరిచి చూస్తే ఫ్యాను చక్కగా తిరుగుతోంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కాని ఫ్యానుకూ రేకులకూ మధ్య దూది పీచు దళసరి గుడ్డలా అల్లుకుపోయింది. దానిని కుంచెతో తీసేశాక మళ్లీ గీత గీశాడు. అది 74 డిగ్రీల దగ్గర చదునైంది. బోర్డు మార్చనక్కరలేకపోయింది.

గాలి లెక్క

దుమ్ము అంత పని చేస్తుందా అంటారేమో. లెక్క వేద్దాం. 400 వాట్ల వేడిని మోసుకుపోతూ గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే ఎంత గాలి కావాలి? గాలి విశిష్టోష్ణం కిలోకు సుమారు 1000 జౌళ్లు. 400ను 10,000తో భాగిస్తే సెకనుకు 0.04 కిలోలు, అంటే దాదాపు 35 లీటర్లు. సెకనుకు రెండు బిందెల గాలి! దుమ్మువల్ల గాలి సగమైతే, పెట్టెలోని గాలి 10 డిగ్రీలకు బదులు 20 డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ పది డిగ్రీలూ చిప్పు ఉష్ణోగ్రతమీద పడతాయి. ల్యాప్‌టాపును పరుపుమీదో దిండుమీదో పెట్టి ఆడితే అడుగునున్న రంధ్రాలు మూసుకుని ఇదే జరుగుతుంది.

చికిత్స

వైద్యుడు ఒకేసారి నాలుగు మందులిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. మార్చిన ప్రతిసారీ గీత గీయండి.

మొదట పైసా ఖర్చులేనివి. పెట్టెను గోడకు జానెడు దూరం జరపండి. ఎండ తగలని చోట పెట్టండి. పక్క మూత తీసి టేబులు ఫ్యాను తిప్పి చూడండి. అప్పుడు ఎక్కువసేపు నడిస్తే వేడిమీద అనుమానం బలపడినట్లే.

తర్వాత ఆటలోని సెట్టింగులు. సెకనుకు గీసే బొమ్మలకు 60 అని హద్దు పెట్టండి. ఇది చిన్న విషయం కాదు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 అనే ఆట వచ్చినప్పుడు కొందరి కార్డులు యుద్ధంలో కాక, ఏమీ జరగని కొన్ని తెరల దగ్గర బాగా వేడెక్కాయి. అక్కడ పని తేలిక కావడంతో, హద్దు లేని కార్డు అదే బొమ్మను వీలైనంత వేగంగా మళ్లీమళ్లీ గీస్తూ కూర్చుంది! హద్దు పెట్టుకునే విధానాన్ని తయారీదారులే చెప్పవలసి వచ్చింది. ఇక ఎవరైనా వేగం పెంచడానికి వోల్టేజి హెచ్చించి ఉంటే మామూలు స్థాయికి తెండి. వోల్టేజి వర్గం సంగతి గుర్తుందిగా! వోల్టేజి 10 శాతం తగ్గితే వేడి దాదాపు 19 శాతం తగ్గుతుంది.

ఆ తర్వాత శుభ్రం చేయడం. ఇది పెద్దవారి సమక్షంలోనే చేయండి. ముందు కంప్యూటరును ఆపి ప్లగ్గు గోడనుంచి పీకేయండి. అరగంట ఆగండి. పెట్టె లోహాన్ని తాకి మీ ఒంటిమీది స్థిర విద్యుత్తును వదిలించుకోండి. మెత్తని పొడి కుంచెతోనో గాలి ఊదే సాధనంతోనో దుమ్ము తీయండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే అదుపులేకుండా తిరిగి పాడవుతాయి. తడిగుడ్డ వాడకండి. పవర్ సప్లయి డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు పీకిన తర్వాత కూడా దానిలోని కెపాసిటర్లు ప్రమాదకరమైన ఆవేశాన్ని దాచి ఉంచుతాయి. లేపనం మార్చడం పని తెలిసినవారికే వదిలిపెట్టండి. అయితే మీ గీత చూపించి, ఇది మొదటిరకం అని చెప్పండి.

చిన్న పగులు, పెద్ద నష్టం

వేడి కంప్యూటరును ఆపడమే కాదు, మెల్లగా విరగ్గొట్టగలదు కూడా. 2005లో మైక్రోసాఫ్టు సంస్థ ఎక్స్‌బాక్స్ 360 అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. చాలా యంత్రాలు కొంతకాలానికే ముందువైపు మూడు ఎర్రదీపాలు వెలిగించి మూగబోయాయి. యంత్రం ఆడినప్పుడల్లా వేడెక్కి, ఆపినప్పుడల్లా చల్లారేది. వేర్వేరు పదార్థాలు వేర్వేరుగా వ్యాకోచిస్తాయని మీరు చదువుకున్నారు. అలా లాగీ వదిలీ లోపలి సన్నని అతుకులు పగిలాయి. తీగను అటూ ఇటూ వంచితే తెగుతుంది చూడండి, అలాగే. 2007లో ఆ సంస్థ వారంటీని మూడేళ్లకు పొడిగించింది. మరమ్మతులకోసం వందకోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసి వచ్చింది. కంటికి కనిపించని పగుళ్ల ఖరీదు అది!

మీరే చేసి చూడండి

1. మీ ఇంటి కంప్యూటరు బాగా పనిచేస్తున్నా సరే, ఇప్పుడే ఒక గీత గీసి తేదీ వేసి దాచండి. ఆరోగ్యంగా ఉన్నప్పటి గీత దగ్గరుంటేనే జబ్బు చేసినప్పుడు తేడా తెలుస్తుంది.

2. అదే ఆటను ఉదయం ఆరింటికీ, మధ్యాహ్నం రెండింటికీ ఆడి రెండు గీతలు గీయండి. గది ఉష్ణోగ్రతల తేడా, గీతలు చదునైన చోట్ల తేడా దాదాపు ఒకటేనా? కాకపోతే కారణమేమై ఉంటుంది? మధ్యలో ఫ్యాను వేగం మారిందేమో చూడండి.

3. 60 వాట్ల ప్రాసెసరు 32 డిగ్రీల గదిలో 71 డిగ్రీల దగ్గర నిలిచింది. దాని దారిలోని మొత్తం నిరోధమెంత? అదే ప్రాసెసరు 44 డిగ్రీల గదిలో ఎక్కడ నిలుస్తుంది?

జవాబులు మీ సైన్సు మాస్టారికి చూపించండి. గీత కూడా చూపించండి.